‘అదిరింది’ అనే ముందు

మా వాళ్లలో ఎవరింట్లో కొత్త సౌండ్ సిస్టమ్ దిగినా నాకు ఫోన్ వస్తుంది. రోజంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునే ఉద్యోగం కదా, విని చెప్పడం నాకు చిటికెలో పని అని వాళ్ల నమ్మకం. నేను చేసేది ఆడియో పుస్తకాల ఎడిటింగ్. చదివినవాళ్ల ఊపిరి చప్పుడు, పెదాల తడి చప్పుడు, పేజీ తిప్పిన గరగర, అన్నీ ఏరి పారేయడం. అందుకని నా చెవి మనిషి గొంతుకి అలవాటు పడిపోయింది. ఇక్కడ రాసేదంతా ఆ చెవితో విన్నదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. డీజే సెటప్‌లు చూసుకునేవాళ్లకి నా పద్ధతి చప్పగా అనిపించొచ్చు.

వెళ్లగానే జరిగేది ఎప్పుడూ ఒకటే. కొన్నాయన తనకి బాగా నచ్చిన పాట పెడతాడు, వాల్యూమ్ ముప్పావు వంతు దాకా తిప్పుతాడు, ఇక అక్కణ్నుంచి నా మొహంకేసే చూస్తుంటాడు. “అదిరింది కదా?” అదురుతుంది, సందేహం లేదు. కిటికీ అద్దాలు కూడా అదురుతాయి. కాని ఆ పాట ఆ సిస్టమ్ మీద బాగుంటుందని ఆయనకి ముందే తెలుసు, అందుకే ఏరి పెట్టాడు. దాన్నిబట్టి నాకు తెలిసేది చాలా తక్కువ.

నేను ఒకదానికొకటి పొంతన లేని రికార్డింగులు కొన్ని తీసుకెళ్తాను. పాత మోనో పాట (రెండు స్పీకర్లలోనూ ఒకటే సౌండ్ వచ్చేది) ఒకటి, స్టూడియోలో చేసిన ఈ మధ్య పాట ఒకటి, హాల్లో జనం మధ్య రికార్డయిన వీణ కచేరీ, ఊరికే మాట్లాడే గొంతు. ఇవి వేటికవి వేరుగా వినిపించాలి. పాతది కాస్త ఇరుగ్గా, గరుగ్గా ఉండాలి, ఎందుకంటే అందులో ఉన్నది అంతే. హాల్లోదానికి హాలు వినిపించాలి. అలా కాకుండా అన్నీ ఒకే రకంగా కమ్మగా వినిపిస్తున్నాయంటే ఆ కమ్మదనం సిస్టమ్ పూస్తున్నదే. ప్రతి పాటకీ అదే బాస్, అదే తళుకు. కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. ఆ తరవాత ఏది పెట్టినా విన్నదే విన్నట్టుంటుంది, పాటలు విసుగొచ్చాయేమో అనుకుని కొత్త పాటలు వెతుక్కుంటారు. ఒక సిస్టమ్ మంచిదా కాదా అన్నదానికి నాకు దీన్ని మించిన పరీక్ష ఇంతవరకూ దొరకలేదు: రికార్డింగు మారితే సౌండ్ ఎంత మారింది?

అయితే దీనికి ముందు వాల్యూమ్ సంగతి తేలాలి. రెండు జతల స్పీకర్లని పక్కపక్కన పెట్టి పోలుస్తున్నారనుకోండి. ఒకటి రెండోదానికంటే ఒక్క డెసిబెల్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) గట్టిగా మోగినా చాలు, అది గట్టిగా ఉందన్న సంగతి మన బుర్రకి తట్టదు. “ఇందులో క్లారిటీ ఎక్కువ, బాస్ నిండుగా ఉంది” అని తీర్పు చెప్పేస్తుంది. చెవి నిర్మాణమే అలాంటిది. 1933లో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గ్రాఫులు గీసిపెట్టారు. తక్కువ వాల్యూమ్‌లో బాస్ మన చెవికి సరిగా అందదు. మధ్య స్వరాలతో సమానంగా వినపడాలంటే దానికి ఎన్నో రెట్లు బలం కావాలి. వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వస్తుంది. అందుకే ఏ డబ్బా స్పీకరైనా కాస్త పెంచగానే బలిసినట్టు వినిపిస్తుంది. అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు.

కాబట్టి పోల్చాలంటే ముందు రెండింటినీ ఒకే మట్టానికి తేవాలి. పింక్ నాయిస్ అని నెట్‌లో దొరుకుతుంది, అన్ని స్థాయిల స్వరాలూ కలిసిన ఒక హోరు. అది పెట్టి, కూర్చునే చోట చెవి ఎత్తులో ఫోన్ పట్టుకుని డెసిబెల్ యాప్‌లో అంకె చూస్తే చాలు. ఫోన్ చూపించే అంకె నిజానికి కొంత తప్పే అయ్యుండొచ్చు, కాని రెంటికీ అదే ఫోన్, అదే చోటు కాబట్టి తప్పు రెండువైపులా సమానమే. ఆంప్లిఫయర్లని పోలుస్తుంటే మాత్రం ఫోన్ సరిపోదు, స్పీకర్ టెర్మినల్స్ (వైరు బిగించే చోటు) దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసి సరిపెట్టాలి. అక్కడ తేడాలు అంత సన్నగా ఉంటాయి. ఇలా సరిపెట్టాక చాలా “భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా”లు ఎక్కడికో పోతాయి.

ఇంకోటి, మారుస్తూ వినేటప్పుడు వెంటవెంటనే మార్చాలి. సౌండ్‌లో ఉండే సన్నని నునుపూ గరుకూ చెవికి గుర్తుండేది కొద్ది సెకన్లే. “పోయిన నెల ఫలానావాళ్లింట్లో విన్నది దీనికంటే బాగుంది” అంటుంటారు. వాళ్లకి గుర్తున్నది ఆ రోజు తమకెలా ఉందన్నది, సౌండ్ కాదు.

కన్ను చేసే మోసం గురించి కూడా చెప్పాలి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టారు. అవే స్పీకర్లు, అవే పాటలు, వినేవాళ్లూ వాళ్లే. ఒకసారి తెర అడ్డం పెట్టి మార్కులు వేయమన్నారు, ఒకసారి కనపడేట్టు పెట్టి వేయమన్నారు. కనపడగానే పెద్దగా, ఖరీదుగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి, చిన్నగా చవగ్గా కనపడ్డదానికి తగ్గాయి. దానికంటే నాకు విచిత్రంగా అనిపించింది ఇంకోటి. తెర ఉన్నప్పుడు స్పీకర్‌ని గదిలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపితే విన్నవాళ్లు తేడా పట్టేశారు. తెర తీశాక అదే తేడాని పెద్దగా పట్టించుకోలేదు. అంటే స్పీకర్ కళ్లెదురుగా ఉంటే చెవి సగం పని మానేస్తుంది. వీటిలో పాల్గొన్నవాళ్లు అమాయకులేం కాదు, ఒక స్పీకర్ల కంపెనీలో పనిచేసేవాళ్లే. ఇంట్లో తెరలూ అవీ కుదరవు గానీ, ఇంకొకరిని మార్చమని చెప్పి మనం కళ్లు మూసుకుని, ఏది మోగుతోందో చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంటే పని జరుగుతుంది.

ఇక నా అసలు పరీక్ష, మాట. పాట కాదు, మాట. సంగీతంలో వయొలిన్ ఇలాగే ఉండాలని గట్టిగా చెప్పడం కష్టం. ఏ వయొలినో, మైకు ఎక్కడ పెట్టారో, మిక్స్‌లో ఏం చేశారో మనకి తెలీదు. మనిషి మాట అలా కాదు. పుట్టినప్పటినుంచీ వింటున్నాం, ఏ కొంచెం తేడా వచ్చినా “ఏంటి, జలుబు చేసిందా?” అని అడిగేంతగా మనకి తెలుసు. ఎకో, మ్యూజిక్ లేకుండా శుభ్రంగా రికార్డు చేసిన మాట ఒక ఐదు నిమిషాలది ఫోన్‌లో పెట్టుకోండి. మగ గొంతు ఒకటి, ఆడ గొంతు ఒకటి.

మన భాష దీనికి బాగా పనికొస్తుంది. స, శ రెండూ వినండి. స శక్తంతా పైన, 5 వేల హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క) దాటాక ఉంటుంది. శ అంతకంటే కిందే మొదలవుతుంది. పై స్వరాలు వాయించే చిన్న స్పీకర్, అదే ట్వీటర్, నీరసంగా ఉంటే ఈ రెండూ దగ్గరకొచ్చేస్తాయి, ‘సరే’ అన్నారో ‘శరే’ అన్నారో అన్నట్టుంటుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లలో పేర్లు స్పెల్లింగ్ చెప్పుకోవాల్సి రావడానికి కారణం ఇదే, ఆ లైన్లలో 3400 హెర్ట్జ్ పైన ఏమీ వెళ్లేది కాదు. దీనికి ఎదురు సమస్య ట్రెబుల్, అంటే పై స్వరాలు, ఎక్కువ ఉన్న సిస్టమ్. అందులో ప్రతి ‘స’ చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. మొదటి నిమిషంలో దాన్ని “క్లారిటీ” అనుకుంటాం, అరగంటకి తలనొప్పి అంటాం.

తరవాత ల, ళ. తరవాత న, ణ. ‘కల’, ‘కళ’, ‘వాన’, ‘వీణ’. నాలుక మడత పడ్డప్పుడు వచ్చే తేడా 2 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల వినపడుతుంది. చాలా స్పీకర్లలో కింది స్వరాలు వాయించే వూఫర్ ట్వీటర్‌కి పని అప్పగించేది కూడా ఇంచుమించు అక్కడే. ఆ అప్పగింత సరిగా కుదరకపోతే ‘ళ’ మొద్దుబారుతుంది. ఇది అందరికీ వినపడుతుందని నేను అనను, నాకైతే ఉద్యోగం వల్ల మొదట వినపడేది ఇదే. మగ గొంతులో చూడాల్సింది అడుగు. మామూలు మగ గొంతు మూలస్వరం సుమారుగా 85 నుంచి 180 హెర్ట్జ్ దాకా ఉంటుంది. గది గానీ స్పీకర్ గానీ అక్కడ ఉబ్బిందంటే, మాట్లాడే ఆయన బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది.

మా బాబాయ్ ఇంట్లో సరిగ్గా అదే. రెండు స్పీకర్లూ చెరో మూలకీ ఆనించి ఉన్నాయి, బాస్ కోసమే ఉండే పెట్టె, సబ్‌వూఫర్, ఇంకో మూల, సోఫా వెనక గోడకి అంటుకుపోయి ఉంది. ఆయన పాట పెట్టి, “ఏరా, గుండెల్లో తగులుతోందా లేదా?” అన్నాడు.

“తగులుతోంది బాబాయ్. అదే బాధ.”

పాట ఆపి వార్తలు చదివే గొంతు పెట్టాను. సబ్‌వూఫర్ వైరు తీసేస్తే కొంత తేరుకుంది గానీ ఇంకా ముద్దముద్దగానే ఉంది. స్పీకర్ గోడకి దగ్గరైతే బాస్ పెరుగుతుంది, మూలలో పెడితే ఇంకా పెరుగుతుంది. వినే చోటు కూడా గోడ దగ్గరే అయితే ఇక చెప్పేదేముంది. లెక్క చూస్తే సులువే. ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ముందు గోడకీ వెనక గోడకీ మధ్య 3.4 మీటర్లుంటే, 50 హెర్ట్జ్ స్వరం సగం తరంగం సరిగ్గా ఆ రెంటి మధ్య ఇరుక్కుంటుంది. గోడల దగ్గర ఆ ఒక్క స్వరం ఉబ్బిపోతుంది, నట్టనడుమ దాదాపు మాయమవుతుంది. ఒకే గదిలో, ఒకే పాటకి, సోఫాలో కూర్చున్నవాళ్లు “బాస్ ఎక్కువైంది” అనీ నడుమ కుర్చీలో కూర్చున్నవాళ్లు “అసలు లేదు” అనీ వాదించుకుంటారు. ఇద్దరిదీ నిజమే. ఏ కంపెనీ స్పీకర్ తెచ్చినా ఈ లెక్క మారదు. రెండు మూడొందల హెర్ట్జ్ లోపల మనం వినేదాంట్లో పెద్ద వాటా గదిదే.

గోడ నుంచి దూరం జరిపినా ఇంకో తిరకాసుంది. స్పీకర్ వెనక గోడకి 85 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. వెనక్కి పోయి గోడకి తగిలి తిరిగొచ్చిన సౌండ్ 1.7 మీటర్లు ఎక్కువ తిరిగొస్తుంది. 100 హెర్ట్జ్ స్వరానికి అది సగం తరంగం, అంటే ముందుకి వచ్చేదాన్ని అది కొట్టేస్తుంది. మగ గొంతులో ఒళ్లు తగ్గిపోయేది అక్కడే. అందుకని టేపుతో ఒక అంకె కొలిచి పెట్టేయడం కంటే, ఆ వార్తల గొంతు మోగుతుండగా కొంచెం కొంచెం జరుపుతూ చెవితో తేల్చుకోవడమే మేలు. బాబాయ్, నేనూ చెరో స్పీకర్ పట్టుకుని జానెడు జానెడు జరిపాం. పక్క గోడకీ వెనక గోడకీ దూరాలు ఒకటే కాకుండా చూసుకున్నాం, లేకపోతే రెండు గోడలూ కలిసి ఒకే స్వరాన్ని కొడతాయి. సోఫాని గోడ నుంచి ముందుకి లాగాం. అది మా పిన్నికి నచ్చలేదు, వెనకాల దుమ్ము పడుతుందంది.

సబ్‌వూఫర్‌కి ఒక తమాషా పద్ధతుంది. దాన్ని తీసుకెళ్లి మనం కూర్చునే సోఫా మీద పెట్టాలి. బాస్ గిటార్ మెట్లు ఒక్కొక్కటీ వినపడే పాట పెట్టి, మనం నేలమీద పాకుతూ గోడల వెంట తిరగాలి. ఏ చోట అన్ని మెట్లూ ఒకే బలంతో వినపడితే సబ్‌ని అక్కడ పెట్టాలి. సౌండ్ అటు నుంచి ఇటు వచ్చినా ఇటు నుంచి అటు పోయినా గది ఒకేలా ప్రవర్తిస్తుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. బాబాయ్ పాకాడు. దానికి నేను ఫొటోలు తీయలేదు, పిన్ని తీసింది. అంతా అయ్యాక బాబాయ్ మొహం చిన్నబోయింది. “బాస్ తగ్గిపోయిందిరా” అన్నాడు. తగ్గింది కూడా. కాని ఇంతకుముందు దుమ్‌దుమ్ అని ఒకే స్వరం మోగేది, ఇప్పుడు గిటార్ ఏ మెట్టు మీద ఉందో తెలుస్తోంది, మృదంగంలో ఎడమ చేతి దెబ్బకి గుమికీ అనే గుమ్మనే నాదం కూడా జారుతూ వినపడుతోంది. ఆయన దానికి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ రాత్రి సినిమా చూస్తూ పిన్ని మాత్రం, “ఇన్నాళ్లూ కింద అక్షరాలు చదువుకుంటున్నా, ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నారో వినపడుతోంది” అంది. నా దృష్టిలో ఆ ఇంట్లో మంచి చెవి ఆవిడదే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మోనో మాట పెట్టి రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్య కూర్చుంటే గొంతు నడుమ నుంచి, గాల్లో ఒక చోట నుంచి రావాలి. అలా రాకుండా గది అంతా పరుచుకుని, బాస్ కూడా పోయిందంటే ఏదో ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారు అయ్యాయి. ముందు అది చూడండి. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి, మోకాళ్లకి పాట వినిపించి లాభం లేదు. చప్పట్లు కొట్టి చూడండి, వెంటనే కింగుమని సన్నటి మోత వచ్చిందంటే ఎదురెదురు ఖాళీ గోడల మధ్య సౌండ్ బంతాట ఆడుతోంది. ఏదో ఒక గోడకి పుస్తకాల అర గానీ మందపాటి కర్టెన్ గానీ పడాలి. కర్టెన్ ట్రెబుల్‌ని తాగుతుంది, బాస్ మాత్రం దాన్ని లెక్కచేయదు.

ఇంకో మంచి పరీక్ష కచేరీ చివర జనం కొట్టే చప్పట్లు. మంచి సిస్టమ్‌లో అవి విడివిడి చేతులు, దగ్గరివి, దూరంవి. చెడ్డదాంట్లో ఒకటే హోరు. తక్కువ బిట్‌రేట్‌లో, అంటే సైజు బాగా తగ్గేలా, కుదించిన ఫైళ్లు కూడా ఇక్కడే దొరికిపోతాయి, చప్పట్లు జిగురుజిగురుగా వినపడతాయి. స్పీకర్ని తిట్టే ముందు ఫైలు ఏదో చూసుకోవడం ధర్మం. రాక్, జాజ్, మూవీ అని బటన్లుంటాయి, వినేటప్పుడు అవన్నీ ఆఫ్‌లో ఉండాలి. తరవాత మీ ఇష్టం, ఇల్లు మీది.

వయసు గురించి ఒక మాట. పై స్వరాలు వయసుతో పాటు తగ్గుతాయి. నడివయసు వచ్చేసరికి చాలామందికి 15 వేల హెర్ట్జ్ పైన అందదు. “20 వేల దాకా వాయిస్తుంది” అని డబ్బా మీద రాసున్న అంకె చూసి మురిసిపోవడంలో అర్థం లేదు. దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఇన్ని డెసిబెల్స్ అని, అంటే సౌండ్ ఎంత హెచ్చుతగ్గులవుతుందో, లేకపోతే ఆ అంకెకి అసలు అర్థమే లేదు. పై స్వరాలు వినపడకపోయినంత మాత్రాన మంచిచెడ్డలు చెప్పలేరని కాదు. మాటా, పాటా ఉండేది చాలావరకు ఆ 15 వేల కిందే.

కొలవాలనే ఓపిక ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, కొలతలకోసం చేసిన మైకు ఒకటి కొంటే గది బాస్‌ని ఎక్కడ ఉబ్బిస్తోందో గ్రాఫులో కళ్లకి కడుతుంది. చెవికి అనుమానం వచ్చినచోట నేను అది వాడతాను. గ్రాఫు మొదట చూసి తరవాత వింటే మాత్రం గ్రాఫులో ఉన్నదే వినపడుతుంది, కాబట్టి ముందు వినడం, తరవాత గ్రాఫు, ఆ వరస మార్చొద్దు. ఆఖరున, హడావిడంతా అయిపోయాక, ఏ పరీక్షా లేకుండా ఒక గంటసేపు ఏదో ఒకటి పెట్టుకుని మన పని మనం చేసుకోవాలి. చెయ్యి దానంతటది వాల్యూమ్ తగ్గించడానికి పోతోందంటే ఎక్కడో ఏదో గీరుతోంది, మళ్లీ వెతకాలి.

చివర్లో అందరూ అడిగే ప్రశ్న వైర్ల గురించి. బంగారు పూత, పాము చర్మం లాంటి తొడుగు, అవన్నీ అవసరమా అని. తగినంత మందం ఉన్న మామూలు రాగి వైరు, వదులు లేకుండా బిగించి, ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి ఉంటే చాలు. మిగిలిన డబ్బు పెట్టి స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేలమీద మందపాటి తివాచీ వేసుకోమంటాను. బాబాయ్ అయితే వైర్లు ముందే కొనేశాడట.